పనిని బట్టి డబ్బు: కొత్త ఇన్‌చార్జికి ఒక ఉత్తరం

చి. మాధవికి ఆశీస్సులు.

మీ ఆరోగ్య కేంద్రంలోనూ ఇక పనిని బట్టే, అంటే చేసిన ఒక్కో సేవకి ఇంత రేటని లెక్కగట్టి, కేంద్రానికి డబ్బు ఇస్తారని, ఆ బాధ్యత నీకే అప్పగించారని రాశావు. మొదటి పేమెంట్ రాకముందే స్టాఫ్‌నంతా కూర్చోబెట్టి పంపకం తేల్చెయ్యమ్మా. కేంద్రం ఖర్చులకు ఎంత, బోనస్‌కి ఎంత, అందులో ఎవరి వాటా ఎంత అన్నది రాసి గోడకు అంటించు. డబ్బు వచ్చాక చూద్దాంలే అనుకుంటే గొడవ ఖాయం. కాన్పు చేసిన నర్సు పేరు రిజిస్టర్‌లో ఉంటుంది, ఆ గది కడిగిన మనిషి పేరు ఉండదు. ఫార్మసిస్టు, ల్యాబ్ వాళ్లు కూడా "మా పని లెక్కలోకి రాదా?" అంటారు. నన్నడిగితే వాళ్లు అడిగేది న్యాయమే.

రేట్ల పట్టిక రాగానే నింపాదిగా చదువు. ఎక్కువ రేటున్న పని వైపే అందరూ మొగ్గుతారు. రువాండాలో 2006 నుంచి ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరించారు. అక్కడ ఒక కాన్పుకి కేంద్రానికి 4.59 డాలర్లు ఇచ్చేవాళ్లు, గర్భిణికి నాలుగు పరీక్షలూ పూర్తిచేస్తే 0.37 డాలర్లే. ఇలా పనిని బట్టి డబ్బు తీసుకున్న కేంద్రాలను, అంతే సొమ్ము షరతులేమీ లేకుండా అందుకున్న కేంద్రాలతో పోల్చి 2011లో ఒక అధ్యయనం వచ్చింది. పనిని బట్టి డబ్బు తీసుకున్నచోట ఆసుపత్రి కాన్పులు 23 శాతం పెరిగాయి. నాలుగు పరీక్షలూ చేయించుకున్నవాళ్లు మాత్రం పెరగలేదు. తప్పంతా రేటుదే అనను. కాన్పుకి రమ్మని నర్సు నచ్చజెప్పగలదు గానీ, నెలల తరబడి మళ్లీ మళ్లీ రావాలంటే ఆ గర్భిణికి ఇంట్లో వీలు కుదరాలి, దారి ఖర్చులుండాలి. అలాంటి టార్గెట్ తప్పితే స్టాఫ్‌ని కోప్పడకు, కారణం రాసి పైవాళ్లకు పంపు. పట్టికలో అసలే లేని పనుల గురించి ఎవరూ అడగరు. వాటిని నువ్వే వారం వారం అడగాలి.

తనిఖీవాళ్లు రిజిస్టర్‌తో ఆగరు. కొన్ని పేర్లు ఎంచుకుని ఇళ్లకు వెళ్లి, నిజంగా వచ్చారా, ఎలా చూశారు అని అడుగుతారు. అందుకే అడ్రసు, ఫోన్ నంబరు ఏ రోజువి ఆ రోజే సరిగ్గా రాయించు. సాయంత్రం గుర్తుతెచ్చుకుని రాసిన ఎంట్రీలు నిజమైనవైనా దొంగలెక్కల్లా కనిపిస్తాయి. ఈ రాతకోతలకి రోజూ బోలెడంత టైమ్ పోతుంది, అది కూడా డ్యూటీల్లో చూపించు.

ఇంకొకటి, మూడు నెలలకోసారి అని చెప్పిన డబ్బు చాలాచోట్ల ఆలస్యంగానే వస్తుంది. స్టాఫేమో బోనస్‌ని జీతంలో కలిపేసుకుని ఇంటి ఖర్చులు పెంచేసుకుంటారు. అలా లెక్కేసుకోవద్దని ముందే చెప్పు. వచ్చినప్పుడు కొంత పక్కన పెడితే, రానప్పుడు మందులకు, కరెంటు బిల్లుకు టెన్షన్ ఉండదు.

పట్టిక చేతికి రాగానే నాకో కాపీ పంపు.

నీ పెదనాన్న