తలకట్టు తీసేస్తే ‘ర’ సున్నా అయిపోతుంది

ప్రశ్న: టైపోగ్రఫీ చదువుతున్నాను. తెలుగులో సొంతంగా అక్షరాలు రూపొందించడం నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి? ఏ కోర్సు మంచిది?

సాఫ్ట్‌వేర్ సంగతి ముందే తేల్చేస్తాను. అక్షరం గీయడానికి ఇంక్‌స్కేప్, దాన్ని ఫాంటుగా మార్చడానికి ఫాంట్‌ఫోర్జ్. రెండూ ఉచితం, రెండూ చాలు. కోర్సు గురించి మాత్రం నా అనుభవం చెప్పకుండా జవాబు ఇవ్వలేను.

మాది విజయనగరం. 2016లో నేను డిజైన్ చదువుతున్నప్పుడు క్లాసులో ఒక పని ఇచ్చారు: ఎవరి ఊరి పేరు వాళ్ల భాషలో, ఎక్కడి నుంచీ ఎత్తుకురాని అక్షరాల్లో గీసుకు రావాలి. అప్పటికి మూడు నెలలుగా మాకు చెప్పిందంతా ఇంగ్లీషు అక్షరాల గురించే. సెరిఫ్ అంటే అక్షరం కొసన ఉండే చిన్న అంచు, అది తీసేస్తే అక్షరం తేటగా, కొత్తగా కనిపిస్తుంది అని. తెలుగులో ఆ సెరిఫ్ లాంటిది తలకట్టే కదా అనుకున్నాను. ‘విజయనగరం’ అని గీసి య, న, గ, ర నాలుగింటికీ తలకట్లు తీసేశాను. వి మీద గుడి ఉంచాను. జకి ఎలాగూ తలకట్టు ఉండదు. మా సారుకి తెలుగు రాదు. చూసి చాలా బాగుందన్నారు, గోడకి పెట్టించారు, మంచి మార్కులు వేశారు.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఇంటికి వచ్చినప్పుడు ఆ ప్రింటు మా పెద్దమావయ్యకి చూపించాను. ఆయన బోర్డులు రాసేవారు. ఫ్లెక్సీలు రాకముందు గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా ఆయన చెయ్యి పడని వీధి లేదు. కళ్లజోడు సవరించుకుని ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివారు.

“విజయ... న... ఇదేటి, తలుపు మీద కమానా? తరవాత ఈ రెండు సున్నాలేటిరా అల్లుడూ?”

అప్పటిదాకా నాకు కనబడలేదు. ‘ర’ అంటే ఏముంది? గుండ్రటి ఒళ్లు, దాని మీద తలకట్టు. ఆ తలకట్టు పోతే మిగిలేది సున్నాయే. పక్కన ‘రం’లోని సున్నా ఎలాగూ ఉంది. నేను గీసింది ‘విజయనగ’ పక్కన రెండు సున్నాలు. తెలుగు చదవడం వచ్చిన మనిషికి అది ఊరి పేరే కాదు.

“తలకాయ తీసీసి మనిషిని గుర్తుపట్టమంతే ఎలాగరా?” అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే పెరటి గోడకి సున్నం వేయించి ఉంచారు. దారానికి నీలం పొడి రాసి ఒక కొస నాకిచ్చారు. సాగదీసి పట్టుకుంటే ఆయన వేలితో లాగి వదిలారు. గోడ మీద నీలం గీత పడింది. అలా రెండు గీతలు కొట్టి అర అంగుళం పట్టీ బ్రష్ నా చేతికిచ్చారు. కర్ర కొసకి గుడ్డ చుట్టి, గోడకి ఆనించి, చెయ్యి వణక్కుండా దాని మీద మణికట్టు పెట్టుకోమన్నారు. రోజంతా ఒక్క మాటే రాయించారు, విజయనగరం.

ఆ పేరులో ఎన్ని చిక్కులున్నాయో ఆ రోజు తెలిసింది. జకి తలకట్టు లేదు కాబట్టి అక్కడ పైన ఖాళీ పడుతుంది. అందుకని మావయ్య జని గీత కంటే కొంచెం పైకి ఎత్తి రాసేవారు. ఆ వెంటనే య, న, గ, ర, వరసగా నాలుగు తలకట్లు. నాలుగూ అచ్చు గుద్దినట్టు రాస్తే కంచె పాతినట్టుంటుంది, నాలుగు రకాలుగా రాస్తే నలుగురు రాసినట్టుంటుంది. వాలు ఒకటే ఉంచి పొడవు మాత్రం ఒళ్లుని బట్టి మార్చేవారు. గకి ఒళ్లు చిన్నది, దాని తలకట్టూ పొట్టిదే. ఇక ర, సున్నా. ర ఒంటిని అడ్డంగా కూచున్న గుడ్డులా సాగదీసి, సున్నాని నిక్కచ్చిగా గుండ్రంగా, ఒక పిసరు చిన్నగా పెట్టారు. రెండూ గుండ్రాలే, కానీ పది గజాల దూరం నుంచి చూసినా ఒకదాన్ని ఇంకొకటి అనుకోలేం.

సొంత అక్షరం అంటే నా దృష్టిలో ఇదే. ఏది మార్చినా అక్షరం బతుకుతుందో, ఏది మారిస్తే చస్తుందో తెలియాలి. తలకట్టుని కన్నడంలోలా బల్లపరుపుగా పడుకోబెట్టొచ్చు, టిక్కులా విసరొచ్చు, మందంగా వెయ్యొచ్చు, ఒంటికి అంటకుండా గాల్లో నిలబెట్టొచ్చు. తీసెయ్యడం మాత్రం కుదరదు. ఇది ఏ కోర్సూ నాకు చెప్పలేదు.

కోర్సుల మీద నా కోపం ఇంకా తీరలేదు. పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడాయే లేని లిపిని చదివేవాళ్లకి ఆ తేడా మీద నెల రోజుల పాఠాలు! ఒత్తుల మీద ఒక్క గంట ఉండదు. ‘గంటస్తంభం’లో స కింద త ఒత్తు, మూడు సున్నాలు, భ అడుగున చిన్న నిలువు గీత. వీటికి కింద ఎంత చోటు వదలాలో తేల్చకుండా పైన ఎంత అందంగా గీస్తే ఏం లాభం? మావయ్య ఏ బోర్డుకైనా ముందు ఒత్తులు లెక్కపెట్టేవారు, తరవాతే గీత కొట్టేవారు. ఇప్పుడు ఇంగ్లీషుకి సరిపోయే ఎడం పెట్టి తెలుగు వరసలు పేర్చేస్తున్నారు. పై వరస ఒత్తు కింది వరస గుడిలో గుచ్చుకుంటుంది. ఫ్లెక్సీల మీద ఉన్న ఒకే ఫాంటుని అడ్డంగా సాగదీసి, చుట్టూ మందపాటి గీత పెట్టి దాన్ని బోల్డ్ అంటున్నారు. ఆ మందానికి ఠ లోపలి చుక్క కూడా పూడుకుపోతుంది. అక్షరాన్ని అలా చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

చూసి నేర్చుకోవడానికి మన దగ్గర లేక కాదు. గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ, గిడుగు అని మన ఉత్తరాంధ్ర పెద్దల పేర్లతోనే రెండు తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. వాటిని ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి ర, ఠ, సున్నా మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, గీతని వంచడానికి ఎక్కడెక్కడ బిందువులు పెట్టారో చూడండి. ఎత్తుకెళ్లడానికి కాదు, ఎలా ఆలోచించారో తెలియడానికి. ఓ ఆదివారం శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మం వెళ్లి గుడి స్తంభాల మీద తెలుగు శాసనాలు చూడండి. ఉలితో చెక్కిన తలకట్టు బ్రష్‌తో వేసినట్టు ఉండదు, పనిముట్టుని బట్టి అక్షరం నడక మారిపోతుంది. గిడుగు రామమూర్తి గారు ముఖలింగం శాసనాలు చదివి పాత లిపులు తనంతట తనే నేర్చుకున్నారు. ఆయనకి ఏ కోర్సు ఉందట?

మీరు గీసింది మీ క్లాసులో చూపించే ముందు తెలుగు పేపరు రోజూ చదివే పెద్దవాళ్లెవరికైనా ఇవ్వండి. అది ఏ మాటో చెప్పకండి. ఎక్కడ ఆగి తడుముకుంటారో గుర్తు పెట్టుకోండి. అక్కడే మీ పని మిగిలి ఉంది.

మీది ఏ ఊరో రాయలేదు. పేరులో ఒత్తు ఉంటే మరీ మంచిది, దాంతోనే మొదలుపెట్టండి. కామెంటులో ఆ పేరు పెడితే ఏ అక్షరం దగ్గర చిక్కు వస్తుందో నాకు తెలిసినంత చెప్తాను.