టిప్పు ఇచ్చేది మనం, పన్ను ఎవరికి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ: అమెరికాలో టిప్పులు, వాటి మీద పన్ను. 2025 జులై 4న ట్రంప్ సంతకం పెట్టిన చట్టంలో "టిప్పుల మీద ట్యాక్స్ లేదు" అన్న సంగతి చేరాక అడిగేవాళ్ళు మరీ ఎక్కువయ్యారు. ఒకేలాంటివి కలిపి, కాస్త కుదించి వేస్తున్నాం. పేరు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వెయ్యడం లేదు.

ప్రశ్న: నేనూ మా ఆవిడా ఆర్నెల్లుందామని డాలస్ దగ్గర మా అబ్బాయి ఇంటికి వచ్చాం. మొన్న రెస్టారెంట్లో 60 డాలర్ల బిల్లుకి మావాడు 12 డాలర్లు టిప్పు పెట్టాడు. అదేంట్రా అంటే "ఇక్కడ అంతే నాన్నా" అంటాడు గానీ కారణం చెప్పడు. వడ్డించే అమ్మాయికి యజమాని జీతం ఇస్తాడు కదా, మళ్ళీ మనమెందుకు?
(ఒక తండ్రి, టెక్సస్)

జవాబు: ఇస్తాడండీ. గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. అచ్చుతప్పు కాదు, నిజంగా అంతే. అమెరికాలో కేంద్ర చట్టం ప్రకారం కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు, అది 2009 నుంచీ కదల్లేదు. టిప్పులు వచ్చే ఉద్యోగాలకు మాత్రం యజమాని తన జేబులోంచి 2.13 ఇస్తే చాలు, మిగతా 5.12 కస్టమర్ల టిప్పుల్లోంచి వస్తుందని లెక్క. దీన్ని టిప్ క్రెడిట్ అంటారు, 1966లో చట్టంలోకి వచ్చింది. ఆ 2.13 అన్న అంకె 1991 నాటిది! టిప్పులు కలిపినా 7.25 రాకపోతే తేడా యజమానే కట్టాలని చట్టంలో ఉంది, కానీ ప్రతివారం ఆ లెక్క కాగితం మీద పెట్టుకుని యజమానిని నిలదీసే సర్వర్ ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

కాబట్టి మీవాడు ఇచ్చిన 12 డాలర్లు బక్షీస్ కాదు, ఆ అమ్మాయి జీతంలో పెద్ద ముక్క. మన దగ్గర బిల్లు పుస్తకంలో చిల్లర వదిలేసి రావడానికీ దీనికీ పోలికే లేదు. ఇది ఇలా ఎందుకు తయారైందంటే పెద్ద కథే ఉంది. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్ళను హోటళ్ళలో, పుల్‌మన్ కంపెనీ రైలు పెట్టెల్లో పనికి పెట్టుకుని జీతం నామమాత్రంగా ఇచ్చి మిగతాది ప్రయాణికుల దయకు వదిలేశారు. ఈ పద్ధతి అసహ్యమనుకున్న అమెరికన్లూ ఉన్నారు. వాషింగ్టన్ రాష్ట్రం 1909లో టిప్పులనే నిషేధించింది, ఇంకొన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి, 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయిపోయాయి.

అన్ని రాష్ట్రాల్లోనూ 2.13 కాదు లెండి. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఓరెగాన్, నెవాడా, మినెసోటా, మోంటానా, అలాస్కా, ఈ ఏడింటిలో టిప్ క్రెడిట్ లేదు, సర్వర్‌కి కూడా ఆ రాష్ట్రపు పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలి. 2025లో కాలిఫోర్నియాలో అది 16.50 డాలర్లు. అక్కడా జనం 18, 20 శాతం ఇస్తూనే ఉంటారు, అది వేరే సంగతి. మీరున్నది టెక్సస్, అక్కడ 2.13 మాత్రమే. మీ అబ్బాయిని ఏమీ అనకండి.

ప్రశ్న: గ్రీన్ కార్డు వచ్చాక నేను ఒక రెస్టారెంట్లో సర్వర్‌గా చేరాను. వారానికి నలభై గంటలు. జీతం 2.13 లెక్కన, టిప్పులు వారానికి అయిదొందలు వస్తాయి. టిప్పుల మీద పన్ను తీసేశారు కదా, ఇక మేనేజర్‌కి టిప్పుల లెక్క చెప్పక్కర్లేదని తోటివాళ్ళు అంటున్నారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, ఆస్టిన్)

జవాబు: కాదమ్మా, ఆ మాట అస్సలు వినకండి. ఒక నెలలో టిప్పులు 20 డాలర్లు గానీ అంతకు మించి గానీ వస్తే, మరుసటి నెల 10వ తారీఖు లోపు యజమానికి లెక్క చెప్పాలన్న నియమం ఎప్పటిలాగే ఉంది. కొత్త చట్టం టిప్పుల్ని పన్ను లెక్కల్లోంచి మాయం చెయ్యలేదు. అది ఒక డిడక్షన్ మాత్రమే, అంటే రిటర్ను వేసేటప్పుడు ఏడాదికి 25,000 డాలర్ల వరకు టిప్పుల్ని ఆదాయంలోంచి తగ్గించి చూపించుకోవచ్చు. అసలు చూపించని టిప్పుని తగ్గించడం ఎలా?

మీ అంకెలతోనే వేసి చూద్దాం, 2025 సంవత్సరానికి, పెళ్ళికాని మనిషి అనుకుని. 40 గంటలకి జీతం 85 డాలర్ల 20 సెంట్లు. టిప్పులు 500. వారానికి 585.20, ఏడాదికి సుమారు 30,430. స్టాండర్డ్ డిడక్షన్, అంటే మామూలుగా పన్ను లేకుండా వదిలేసే మొత్తం, 15,750 పోను మిగిలినదాని మీద పాత లెక్కలో ఫెడరల్ ఆదాయపన్ను దాదాపు 1,523 డాలర్లు పడేది. ఇప్పుడు మీ 26,000 టిప్పుల్లో 25,000 తీసేస్తే పన్ను వెయ్యడానికి ఏమీ మిగలదు, సున్నా. బాగుంది కదా.

కానీ సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (ముసలితనంలో వైద్యం) పేరుతో కోసే 7.65 శాతం ఉందే, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అది జీతం మీదా టిప్పుల మీదా మొత్తంగా పడుతుంది: ఏడాదికి దాదాపు 2,328 డాలర్లు. అంటే తీసేసిన పన్ను కంటే ఉంచిన పన్నే ఎక్కువ! ఇది టీవీలో ఎవరూ చెప్పరు. పైగా టిప్పులు మీ చేతికి ముందే వచ్చేస్తాయి కాబట్టి ఈ కోత అంతా ఆ 85 డాలర్ల పేచెక్కులోంచే జరగాలి, వారానికి 45 డాలర్ల దాకా అక్కడే పోతుంది. పేచెక్కు మీద సున్నా చూసి ఏడ్చిన సర్వర్లు ఈ దేశంలో కొల్లలు.

అయినా లెక్క చెప్పమనే అంటాను. రేపు మీ సోషల్ సెక్యూరిటీ పెన్షన్ లెక్కించేది చూపించిన ఆదాయం మీదే, ఇల్లు కొనాలంటే బ్యాంకు అడిగేదీ అదే. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని షిఫ్టు అవగానే క్యాష్ ఎంత, కార్డు ఎంత, తోటివాళ్ళకి పంచింది ఎంత అని రాసుకోండి. ఇంకో రెండు ముక్కలు. పెద్ద గ్రూపులు వచ్చినప్పుడు బిల్లులోనే 18 శాతం వేసేస్తారే, అది కస్టమర్ ఇష్టపూర్వకంగా ఇచ్చింది కాదు కాబట్టి ఈ డిడక్షన్ కిందకి రాదు, దాన్ని మామూలు జీతంగానే చూస్తారు. పెళ్ళయితే భార్యాభర్తలు కలిపి రిటర్ను వేస్తేనే ఈ లాభం, విడివిడిగా వేస్తే లేదు.

ప్రశ్న: నాకు ఒళ్ళు మండుతోంది. నేను సాఫ్ట్‌వేర్. జీతం మీద పన్ను, బోనస్ మీద పన్ను. అన్నీ కట్టాక మిగిలిన డబ్బులోంచి టిప్పు ఇస్తా. అది నేను ఇష్టపడి ఇచ్చే గిఫ్టు. దాని మీద మళ్ళీ గవర్నమెంటుకి పన్నెందుకు? అసలు ఎప్పుడూ ఉండకూడదు!
(ఒక పాఠకుడు, శాన్ హోజే)

జవాబు: ముందు ఒళ్ళు మండటం తగ్గించుకోండి. మీరు పన్ను కట్టగా మిగిలిన డబ్బుతోనే మంగలికీ ఇస్తారు, డాక్టరుకీ ఇస్తారు, కారు మెకానిక్‌కీ ఇస్తారు, వాళ్ళంతా ఆదాయపన్ను కడుతూనే ఉన్నారు. డబ్బు చేతులు మారినప్పుడల్లా కొత్త మనిషికి ఆదాయం. ఈ వాదన టిప్పు దగ్గర మాత్రమే ఎందుకు గుర్తొస్తుందో నాకు అర్థం కాదు.

గిఫ్టు అన్న మాట మాత్రం తేలిగ్గా కొట్టేసేది కాదు, కోర్టుల దాకా వెళ్ళింది. 1949లో ఒక ట్యాక్సీ డ్రైవర్ కేసులో అప్పీలు కోర్టు టిప్పు ఆదాయమేనని తేల్చింది. దానికంటే సరదా అయినది 1976 నాటి ఓల్క్ కేసు. లాస్ వేగస్‌లో క్రాప్స్ అనే పాచికల జూదం ఆడించే డీలర్లు, జూదగాళ్ళు తమకు ఇచ్చే డబ్బు, అక్కడ దాన్ని టోక్ అంటారు, గిఫ్టేనని వాదించారు. వాళ్ళ వాదనలో పస ఉంది కూడా. ఆడేవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఏమీ ఇవ్వరు, ఇచ్చినవాడికి ప్రత్యేకమైన సేవ చెయ్యడానికి వీల్లేదు, వచ్చిందంతా ఒకచోట వేసి షిఫ్టు చివర సమానంగా పంచుకుంటారు. కింది కోర్టు సరే గిఫ్టే అంది. పై కోర్టు ఒప్పుకోలేదు. జూదగాడు అదృష్ట దేవతకి ముడుపు చెల్లిస్తున్నాడు, ఆ దేవత తిరిగి బోలెడంత ఇస్తుందని ఆశపడి ఇచ్చేదాన్ని నిస్వార్థమైన దానం అని ఎలా అంటాం అంది. మొక్కులు బాగా తెలిసిన మనవాళ్ళకి ఈ తీర్పు ఇట్టే అర్థమవుతుంది.

ఇక నా అభిప్రాయం అడిగితే, టిప్పు మీద పన్ను ఉండాలి. పైన ఆస్టిన్ పాఠకురాలి లెక్క చూశారు కదా. అదే రెస్టారెంట్ వంటగదిలో గ్రిల్లు ముందు చెమటలు కక్కే వంటవాడు ఏడాదికి అంతే, 30,430 డాలర్లు, మొత్తం జీతంగానే తెచ్చుకుంటున్నాడనుకోండి. అతను ఆ 1,523 కట్టాలి. గిన్నెలు కడిగేవాడూ కట్టాలి, గిడ్డంగిలో పెట్టెలు మోసేవాడూ కట్టాలి. ప్లేటు తెచ్చి టేబుల్ మీద పెట్టినవాళ్ళకు మినహాయింపు, వండినవాడికి లేదు. ఇదేం న్యాయం? పేదవాళ్ళకి ఊరట ఇవ్వాలంటే ఆదాయం తక్కువున్న అందరికీ ఇవ్వచ్చు. సర్వర్లలో బాగా పేదవాళ్ళకు ఈ చట్టంతో ఒరిగేదేమీ లేదు కూడా, స్టాండర్డ్ డిడక్షన్ దాటని వాళ్ళకి ఆదాయపన్నే పడదు, లేనిదాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది?

ఇంకో తమాషా. ట్రంప్ ఈ హామీ మొదట ఇచ్చింది 2024 జూన్‌లో లాస్ వేగస్‌లో, రెండు నెలలకి కమలా హారిస్ కూడా అదే ఊళ్ళో అదే మాట ఇచ్చారు. అది నెవాడా, టిప్ క్రెడిట్ లేని ఏడు రాష్ట్రాల్లో ఒకటి. డాలస్‌లో 2.13 మీద బతికే అమ్మాయి జీతం పెంచుతామని మాత్రం చట్టంలో ఒక్క ముక్క లేదు. పన్ను తగ్గిస్తే ఖర్చు ఖజానాది, జీతం పెంచితే ఖర్చు యజమానిది. ఏ పని సులువో నాయకులకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ప్రశ్న: కాఫీ కొంటే కూడా స్క్రీన్ తిప్పి 18, 20, 25 చూపిస్తున్నారు. వెనక లైన్లో వాళ్ళు చూస్తుంటే టెన్షన్. ఏం నొక్కాలి?
(ఒక పాఠకురాలు, షికాగో)

జవాబు: "నో టిప్" నొక్కండి. కూర్చోబెట్టి వడ్డించిన చోట ఇవ్వండి, ఇంటికి తెచ్చిన డెలివరీ మనిషికి ఇవ్వండి, జుట్టు కత్తిరించినవాళ్ళకి ఇవ్వండి. మీరే వెళ్ళి మీరే తెచ్చుకున్న కాఫీకి ఇవ్వాలనిపిస్తే ఒక డాలరు, లేకపోతే లేదు. వెనకున్నవాళ్ళు మీ స్క్రీన్ చూడటం లేదు, ఫోన్ చూసుకుంటున్నారు.

ప్రశ్న: నేను అట్లాంటా దగ్గర చిన్న రెస్టారెంట్ నడుపుతున్నాను. మీరంతా యజమానుల్ని తిడతారు, అద్దె ఎవరు కడతారు? సరే, నా ప్రశ్న. టిప్పుల్లో కొంత వంటవాళ్ళకి, కొంత మా బావమరిది మేనేజరు, అతనికి పంచవచ్చా? లేక 18 శాతం సర్వీస్ చార్జి పెట్టేస్తే గొడవ వదులుతుందా?
(ఒక యజమాని, జార్జియా)

జవాబు: బావమరిదికి కుదరదండీ. 2018లో చట్టం మార్చి యజమానులు గానీ మేనేజర్లు గానీ పనివాళ్ళ టిప్పుల్లో చెయ్యి పెట్టకూడదని స్పష్టంగా రాశారు. మేనేజరే స్వయంగా ఒక టేబుల్‌కి వడ్డిస్తే, తనకని ఇచ్చిన టిప్పు తను ఉంచుకోవచ్చు, అంతవరకే. వంటవాళ్ళకి పంచవచ్చు, కానీ ఒక షరతు: మీరు టిప్ క్రెడిట్ వాడకూడదు, అంటే సర్వర్లకి 2.13 కాకుండా పూర్తి 7.25 మీరే ఇవ్వాలి. నన్నడిగితే అదే చెయ్యండి. వంటవాడికి నాలుగు డబ్బులు ఎక్కువ ముట్టినచోట రుచి నిలకడగా ఉంటుందని నా నమ్మకం, దానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

సర్వీస్ చార్జి మీ ఇష్టం. అది చట్టం దృష్టిలో మీ ఆదాయం, దాంట్లోంచి ఎవరికిచ్చినా జీతం కిందే లెక్క, సర్వర్లకి కొత్త డిడక్షన్ రాదు. కస్టమర్లు మాత్రం అది సర్వర్‌కే వెళ్తోందనుకుని వేరే టిప్పు ఇవ్వరు. అందుకని పెడితే మెనూ మీదే పెద్ద అక్షరాల్లో అది ఎవరికి వెళ్తుందో రాయండి. అద్దె సంగతి నాకూ తెలుసు, కానీ అద్దె కట్టడం కోసం ఇడ్లీ ధర పెంచితే ఎవరూ తప్పు పట్టరు.

ప్రశ్న: మా చెల్లెలి కొడుకు ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువుతూ ఒకచోట క్యాష్ మీద వడ్డిస్తున్నాడు. టిప్పుల మీద ఎలాగూ పన్ను లేదు, ఎవరికీ తెలియదు అంటున్నాడు.
(ఒక పెద్దమ్మ, హైదరాబాద్)

జవాబు: పన్ను సంగతి తర్వాత. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే వీసా స్టేటస్సే పోతుంది, చదువు మధ్యలో విమానం ఎక్కాల్సి రావచ్చు. వేరేవాళ్ళు చేస్తున్నారు కదా అనే మాట అక్కడ ఎవరూ వినరు. మానెయ్యమని మీరు చెప్పండి, పెద్దమ్మ చెబితే వింటాడేమో. ఇప్పటిదాకా వచ్చిన ఆదాయం పనికి అనుమతి ఉన్నా లేకపోయినా పన్ను లెక్కలోకి వస్తుంది కాబట్టి, కాలేజీ స్నేహితుల సలహా కాకుండా ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి కలవమనండి.

ప్రశ్న: నేను యూట్యూబ్ చానల్ నడుపుతాను, మా ఆయన ప్లంబర్. మాకేమైనా వర్తిస్తుందా? ఎప్పటిదాకా?
(ఒక పాఠకురాలు, నార్త్ కరోలినా)

జవాబు: నవ్వకండి, ఇద్దరికీ వర్తించవచ్చు. 2025 సెప్టెంబరులో ట్రెజరీ (అక్కడి ఆర్థిక శాఖ) ఇచ్చిన ముసాయిదా జాబితాలో దాదాపు 70 రకాల పనులున్నాయి, ప్లంబర్లు ఉన్నారు, డిజిటల్ కంటెంట్ క్రియేటర్లూ ఉన్నారు. ప్లంబర్‌కి టిప్పు ఇచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు గానీ జాబితాలో మాత్రం ఉంది. మీ ఆయన బిల్లు వేసి తీసుకున్నది టిప్పు కాదు, మీకు యాడ్స్ మీద వచ్చేదీ టిప్పు కాదు, చూసేవాళ్ళు ఇష్టపడి విడిగా పంపించినదే టిప్పు. సొంత పని చేసుకునేవాళ్ళకి ఆ పనిలో మిగిలిన లాభం మేరకే ఈ డిడక్షన్. ఇద్దరి ఆదాయం కలిపి 3 లక్షల డాలర్లు దాటితే కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది, మీకు ఆ చింత ఉందో లేదో మీకే తెలియాలి. ఇదంతా 2025 నుంచి 2028 వరకు నాలుగు సంవత్సరాలకే, ఆ తర్వాత కాంగ్రెస్ పొడిగిస్తేనే ఉంటుంది. రిటర్నుతో పాటు షెడ్యూల్ 1-ఎ అనే కొత్త ఫారం నింపాలి, మీ ట్యాక్స్ మనిషి మర్చిపోతే మీరే గుర్తు చెయ్యండి.