శక్త్యాగారంలో శక్తిని దాస్తారా?

సందేహం: జీవకణాల్లో ఉండే చిన్న భాగాలైన మైటోకాండ్రియాను ‘కణ శక్త్యాగారాలు’ అంటున్నారు. ధాన్యాగారంలో ధాన్యం, ఆయుధాగారంలో ఆయుధాలు దాస్తారు. ఆ లెక్కన మా అబ్బాయి ‘మైటోకాండ్రియా శక్తిని ఉత్పత్తి చేసి నిల్వ చేస్తుంది’ అని రాస్తే మార్కు పోయింది. పేరు తప్పా, వాక్యం తప్పా? కొందరు ‘శక్తాగారం’ అని రాస్తున్నారు, అది ఒప్పేనా?

సమాధానం: పేరులో తప్పు లేదు. ఆగారం అంటే ఇల్లు, గది, అంతే. దాచడమనే అర్థం దానికి సొంతంగా లేదు. ధాన్యాగారంలో ఆ అర్థం వచ్చింది పక్కనున్న ధాన్యం వల్ల. ధాన్యాన్ని గదిలో పోసి ఇంకేం చేస్తాం! శయనాగారంలో నిద్రను పోగుచెయ్యం కదా. కర్మాగారంలో పని జరుగుతుంది. శక్త్యాగారం ఈ కర్మాగారం వరసలోది.

ఇది ఇంగ్లిషు ‘పవర్‌హౌస్’కు తెలుగు. 1957లో కణ శాస్త్రవేత్త ఫిలిప్ సీకెవిట్జ్ తన వ్యాసానికి మైటోకాండ్రియాను పవర్‌హౌస్‌గా చెప్పే శీర్షిక పెట్టాక ఆ పోలిక బాగా పాకింది. పవర్‌హౌస్ అంటే కరెంటు తయారయ్యే చోటు, గోదాము కాదు. మనవాళ్లు పవర్‌కు శక్తి, హౌస్‌కు ఆగారం అని ముక్కకు ముక్క పెట్టేసరికి మీకు ధాన్యాగారం గుర్తొచ్చింది. ‘శక్తి కర్మాగారం’ అని ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదని నాకూ అనిపిస్తుంది. అయినా వాడుకలో కుదురుకున్న మాటను ఇప్పుడు కదపనక్కర్లేదు.

ఇక వాక్యం సంగతి. మార్కు పోవడం న్యాయమే. ఆహారంలోంచి వచ్చిన గ్లూకోజు, కొవ్వు లాంటివాటిని ఆక్సిజన్ సాయంతో విడగొట్టి, ఆ శక్తితో ఏటీపీ అనే అణువులను తయారుచెయ్యడం మైటోకాండ్రియా పని. ఏటీపీ చేతిలో ఆడే చిల్లర లాంటిది, దాచుకునే సొమ్ము కాదు. కండరం ముడుచుకోవాలన్నా, కణం కొత్త ప్రోటీను కట్టుకోవాలన్నా అదే ఖర్చవుతుంది. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా అది చాలా కొద్దిగానే ఉంటుంది. రోజంతా వాడుతూ, మళ్లీ తయారుచేసుకుంటూ ఉండే మొత్తం మాత్రం సుమారుగా మన బరువంత! దాచుకునే సొమ్ము వేరే ఉంది: కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ (గ్లూకోజును గొలుసులుగా కలిపి దాచిన రూపం), చర్మం కిందా పొట్టలోనూ కొవ్వు, మొక్కల్లోనైతే పిండిపదార్థం. గ్రాము పిండిపదార్థం 4 కిలోక్యాలరీలిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. ఎక్కువకాలం దాచడానికి శరీరం కొవ్వునే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. మీరన్న అర్థంలో ఆగారాలంటే ఇవీ.

‘ఉత్పత్తి’ మీద కూడా నాకు చిన్న పేచీ ఉంది. ఉత్పత్తి అంటే పుట్టుక. శక్తి కొత్తగా పుట్టదు, రూపం మారుతుంది. విద్యుదుత్పత్తి అంటే ఇబ్బంది లేదు, విద్యుత్తు శక్తికి ఒక రూపం కాబట్టి. అలాగే ‘ఏటీపీని ఉత్పత్తి చేస్తుంది’ అనొచ్చు. శక్తి విషయంలో ‘విడుదల చేస్తుంది’ అంటే సరిపోతుంది. పరీక్షలో మాత్రం దీనికెవరూ మార్కు తగ్గించరు లెండి.

చివరిది సంధి. శక్తి + ఆగారం అన్నప్పుడు ఇకారం యకారమవుతుంది, అతి + ఆశ అత్యాశ అయినట్టే. ఇది యణాదేశ సంధి, కాబట్టి శక్త్యాగారమే సాధువు. శక్తాగారాన్ని విడదీస్తే శక్త + ఆగారం వస్తుంది. అశక్తుడిలోని శక్త శబ్దమే అది. అప్పుడు దానికి ‘సమర్థమైన ఇల్లు’ అని అర్థం చెప్పుకోవాలి.