బోనస్ ఇంకా రాలేదు, విస్కీ బిల్లు ముందే!

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో ఉద్యోగం, జీతం చేతికి 90 వేలు. ఇంటి ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 70 వేలు, సిప్‌లకు 15 వేలు. బ్యాంకులో 45 వేలున్నాయి. ఆరోగ్య బీమా కంపెనీదే. ఏడుగురు ఫ్రెండ్స్‌ని పిలిచి ఇంట్లో విస్కీ టేస్టింగ్ పెట్టాలనుకుంటున్నా. ఐదు సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో బార్లీ మాల్ట్‌తో చేసిన విస్కీ) ఫుల్ బాటిళ్లు, గ్లాసులు, భోజనం కలిపి 60 వేలవుతోంది. కార్డు గీకి, బోనస్ వచ్చేదాకా మినిమం డ్యూ కడితే చాలా?

జవాబు: చాలదు. మినిమం డ్యూ కడితే తప్పేది లేటు ఫీజు మాత్రమే, వడ్డీ కాదు. ఆ వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, కార్డు గీకిన రోజు నుంచే లెక్కేస్తారు. నెలకు 3.5 శాతం చొప్పున 60 వేలకు 2,100, దానిపై 18 శాతం జీఎస్టీ 378. మీరు మినిమం డ్యూగా 3,000 కడితే అసలులో తగ్గేది 522 రూపాయలు! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ అదే కార్డుతో కొన్న కిరాణా సరుకులకూ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. చేతికి రాని బోనస్‌ని నమ్ముకుని ఇలా ఇరుక్కునేవాళ్లు చాలామంది.

అసలు 60 వేలు ఎందుకవుతోంది? టేస్టింగ్‌లో మనిషికి ఒక్కో రకం 20 మిల్లీలీటర్లు చాలు. ఎనిమిది మందికి ఐదు రకాలంటే 800. మీరు కొనేది 3,750. అదంతా పోస్తే టేస్టింగ్ కాదు, మామూలు సిట్టింగే. నాలుగు రకాలు చాలు, ఇద్దరికో బాటిల్ చొప్పున తెమ్మనండి. ముందు బ్లెండెడ్ (రకరకాల విస్కీలు కలిపింది; దీనికి క్వార్టర్ సరిపోతుంది, ఎనిమిది మందికి పట్టేది 160 మిల్లీలీటర్లే), తర్వాత పాల్ జాన్ బ్రిలియన్స్ లాంటి మన సింగిల్ మాల్ట్, ఆపై షెర్రీ (ఒక రకం స్పెయిన్ వైన్) పీపాలో నిలవచేసింది, పొగవాసన ఉండే పీటెడ్ రకం ఆఖర్న. పీటెడ్ ముందు తాగితే మిగతావేవీ నాలుకకు తెలియవు. ఐస్ వద్దు, పక్కన నీళ్లుంచి నాలుగు చుక్కలు కలుపుకోమనండి. కారం మంచింగ్ టేస్టింగ్ అయ్యాకే. మనిషికో గ్లాసు చాలు, కడుక్కుంటూ వాడుకోవచ్చు. గోవా నుంచి చవగ్గా తెప్పిద్దామనుకోకండి, ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటే కేసే.

నన్ను కంగారుపెట్టింది మాత్రం ఆ 45 వేలు. మీ ఇల్లు నడవడానికి నెలకు కూడా రావు. ఉద్యోగం పోతే రెండో ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారు? ఆరు నెలలకు 4.2 లక్షలు కావాలి, ఇంకా 3.75 లక్షలు తక్కువ. సిప్‌లు ఆపండి. ఆ 15 వేలు, మిగిలే 5 వేలు కలిపి నెలకు 20 వేలు పక్కన పెడితే 19 నెలలు పడుతుంది. బోనస్ వస్తే మొత్తం ఇందులోకే. సగం స్వీప్ ఖాతాలో (మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీలోకి మారే ఖాతా), సగం లిక్విడ్ ఫండ్‌లో (కావాలన్నప్పుడు త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) ఉంచండి. పార్టీకి ఆ 70 వేల ఖర్చులోంచే నెలకు 2 వేలు మిగిల్చి విడిగా తీసుకోండి, అంతకు మించి కాదు.

కార్డు బిల్లును ఈఎంఐగా మార్చుకోవచ్చు కానీ వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు తప్పవు. ఒక్క సాయంత్రానికి పన్నెండు వాయిదాలా?

ఉద్యోగం పోతే కంపెనీ బీమా కూడా పోతుంది, సొంత పాలసీ ఒకటి తీసుకోండి. ప్రపోజల్ ఫారంలో మద్యం అలవాటు గురించి, ఎంత తాగుతారనేది దాచకుండా రాయండి. దాచితే క్లెయిమ్ దగ్గర అదే అడ్డొస్తుంది. ఆ రాత్రి అందరికీ క్యాబ్‌లు బుక్ చేయండి. తాగి నడిపి గుద్దితే కారు రిపేరుకు బీమా కంపెనీ పైసా ఇవ్వదు.