రాక్లెట్ విందుకి ఏ వైన్ తీసుకెళ్ళాలి? చలికాలపు బరువైన తిండికి చిక్కటి రెడ్ వైనే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరారు, ఆఫీసులో తోటివాళ్ళు ఇంటికి రాక్లెట్‌కి పిలిచారు, వైన్ నేను తెస్తానని మీరు మాటిచ్చేశారు. బయట మంచు, బల్ల మీద కరిగిన చీజ్, కాబట్టి బాగా చిక్కటి రెడ్ వైన్ అయితే నప్పుతుందని మీ ఆలోచన. పైగా వైన్ తాగితే చలికి వెచ్చగా ఉంటుందా అని కూడా అడిగారు.

చిక్కటి రెడ్ వద్దండి. ఆల్ప్స్ కొండల్లోని సావ్వా ప్రాంతపు వైట్ వైన్ తీసుకెళ్ళండి. సీసా మీద అప్రెమాన్ అనో అబీమ్ అనో ఉంటుంది. సూపర్‌మార్కెట్లో పది యూరోల లోపే దొరుకుతుంది. తొందరలో ఉంటే ఇక్కడితో ఆపేసి కొట్టుకి వెళ్ళిపోవచ్చు. నేను ఉండేది లియోన్‌లో. ఇక్కడ నవంబరు మొదలు మార్చి దాకా వచ్చే పిలుపులన్నీ చీజ్ చుట్టూ, మాంసం చుట్టూనే తిరుగుతాయి, అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

ముందు రాక్లెట్ సంగతి. బల్ల మధ్యలో ఒక కరెంటు పొయ్యి పెడతారు. మనిషికో చిన్న పెనం, అరచేతిలో ఇమిడేంతది, ఇస్తారు. అందులో చీజ్ పలక ఒకటి పరిచి పొయ్యి కిందికి తోస్తే కాసేపట్లో అంచులు బుడబుడమని పొంగి, అక్కడక్కడ గోధుమరంగు తిరుగుతాయి. అప్పుడు తీసి చెక్క గరిటెతో ఉడికించిన బంగాళాదుంపల మీదికి గీకేసుకోవడమే. మనిషికి 200 నుంచి 250 గ్రాముల చీజ్ లెక్కన కొంటారు, అది అయిపోతుంది కూడా. పక్కన సన్నగా కోసిన ఎండు మాంసాలు, వెనిగర్లో ఊరేసిన చిటికెనవేలంత దోసకాయలు, బుల్లి ఉల్లిపాయలు ఉంటాయి. ఆ దోసకాయల గిన్నె పదిసార్లు బల్ల చుట్టూ తిరుగుతుంది. ఎవరూ వద్దనరు, ఎందుకంటే అంత కొవ్వు తిన్నాక నోరు పులుపు కోసం వెతుక్కుంటుంది. మనం హలీం మీద నిమ్మచెక్క పిండుకోవడం లాంటిదే అనుకోండి. వైన్ చేయాల్సిన పని కూడా అదే. తిండి బరువు కాబట్టి వైన్ కూడా బరువుగా ఉండాలి అనేది వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ కరిగిన చీజ్ దగ్గర పనిచేయదు.

రెడ్ వైన్‌లో ఉండే వగరు ద్రాక్ష తొక్క నుంచి, గింజల నుంచి వస్తుంది. ఆ వగరు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటుంది, అందుకే ఒక గుక్క తాగగానే పళ్ళ మీద, చిగుళ్ళ మీద ఆరిపోయినట్టు అనిపిస్తుంది. మాంసం నములుతున్నప్పుడు ఆ వగరు దాని మీదికి పోతుంది, మనకి మెత్తగా తగులుతుంది. ఉప్పగా, జారుడుగా ఉండే చీజ్‌తో ఆ సర్దుబాటు కుదరదు. నాకైతే నోట్లో ఒక చేదు, దాని వెనకే ఇనప ముక్క నాకినట్టు ఒక రుచి మిగులుతుంది. ఓక్ పీపాలో చాలాకాలం ఉంచిన ఖరీదైన రెడ్ అయితే ఇంకా అన్యాయం, డబ్బూ దండగ, చీజూ దండగ.

అప్రెమాన్‌ని జాకేర్ అనే ద్రాక్షతో చేస్తారు. పల్చగా ఉంటుంది, ఆల్కహాలు తక్కువ (11, 12 శాతం దగ్గర), పులుపు మాత్రం దిట్టంగా ఉంటుంది. ఒట్టిగా తాగితే 'ఇందులో ఏముంది?' అనిపించే వైనే. చీజ్ ముద్ద తరవాత ఒక గుక్క తాగితే నాలుక మీద పేరుకున్న జిడ్డంతా కొట్టుకుపోయి, మళ్ళీ పెనం పొయ్యి కిందికి తోయాలనిపిస్తుంది. ఆ తోటలకి ఒక కథ ఉంది, విందులో మాటల్లో పనికొస్తుంది. మీ గ్రెనోబుల్ నుంచి షాంబేరీ వెళ్ళే దారిలో గ్రానియే అనే కొండ కనిపిస్తుంది, ఒక వైపు కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటుంది. 1248 నవంబరులో ఒక రాత్రి ఆ వైపు కూలిపోయి కింది ఊళ్ళను పూడ్చేసింది, వెయ్యి మందికి పైగా పోయారని చెబుతారు. అప్రెమాన్, అబీమ్ తోటలు ఆ కూలిన రాళ్ళ దిబ్బల మీదే ఉన్నాయి.

ఇంకో నాలుగైదు యూరోలు పెట్టగలిగితే షిన్యాన్-బెర్జెరాన్ చూడండి. అది రూసాన్ ద్రాక్ష, కాస్త ఒళ్ళున్న వైట్ వైన్, ఆప్రికాట్ వాసన వస్తుంది. రాక్లెట్ కంటే తార్తిఫ్లెట్‌కి (బంగాళాదుంపలు, ఉల్లి, పంది మాంసం మీద రెబ్లోషాన్ చీజ్ సగానికి కోసి బోర్లించి ఓవెన్లో పెట్టేది) ఇది బాగా కుదురుతుంది. తార్తిఫ్లెట్ ఏదో తాతల కాలంనాటి కొండ వంటకం అని అందరూ అనుకుంటారు కానీ, ఆ పేరుతో ప్రచారంలోకి వచ్చింది 1980లలో, రెబ్లోషాన్ అమ్మేవాళ్ళ చలవతోనే. ఇది మాత్రం అక్కడ గట్టిగా అనకండి.

విందులో ఎవరైనా రెడ్ తప్ప ముట్టనివాళ్ళు ఉంటే? అదే సావ్వాలో మొందూజ్ అనే రెడ్ ఉంది, మిరియాల వాసనతో. లేదా మా లియోన్ పక్కనుండే బోజొలే ప్రాంతపు పల్చటి రెడ్. అంతకు మించి చిక్కదనం జోలికి వెళ్ళకండి.

ఫాండ్యూకి పిలిస్తే వైన్ గిన్నెలోనే ఉంటుంది. వైట్ వైన్ వేడిచేసి అందులో తురిమిన చీజ్ కొంచెం కొంచెంగా కలుపుతారు. వైన్‌లోని పులుపు వల్లే చీజ్ ముద్దలు కట్టకుండా నున్నగా వస్తుంది. విరిగినట్టయితే వంటావిడ గుట్టుగా నిమ్మరసం పిండడం కూడా చూశాను. తాగడానికి కూడా గిన్నెలో పోసిన వైనే. 'ఫాండ్యూ తింటూ చల్లటి నీళ్ళు తాగకూడదు, చీజ్ పొట్టలో గడ్డకడుతుంది, వైన్ గానీ వేడి టీ గానీ తాగాలి' అని ఎవరో ఒకరు మీకు తప్పకుండా చెబుతారు. 2010లో జ్యూరిక్ పరిశోధకులు 20 మందికి ఫాండ్యూ పెట్టి, కొందరికి వైన్, కొందరికి టీ ఇచ్చి పరీక్షిస్తే తేలింది ఏమిటంటే, వైన్ తాగితే పొట్ట ఖాళీ అవడం టీతో కంటే బాగా ఆలస్యమవుతుంది. అంటే అరుగుదల కోసం వైన్ అనేది వట్టి సాకు. రుచి కోసం తాగుతున్నామని ఒప్పుకుంటే సరిపోతుంది.

మరి చిక్కటి రెడ్‌కి చోటెక్కడ? మాంసం గంటల తరబడి ఉడికే చోట. కాసూలే తీసుకోండి. దక్షిణ ఫ్రాన్సులో కాస్తెల్‌నోదరీ వైపు వంట. తెల్ల చిక్కుడుగింజలు, బాతు మాంసం, పంది సాసేజీలు మట్టి మూకుడులో పెట్టి, పైన చెక్కులా కట్టేదాకా ఓవెన్లో ఉంచుతారు. బాతు కొవ్వు గింజ గింజలోకీ దిగుతుంది. దాని పక్కన మదిరాన్ అనే రెడ్ పెట్టండి. తన్నా అనే ద్రాక్ష, వగరు మామూలుగా ఉండదు. ఆ వగరు తగ్గించడానికే 1990ల మొదట్లో అక్కడివాళ్ళు వైన్‌లోకి సన్నగా ఆక్సిజన్ బుడగలు పంపే పద్ధతి కనిపెట్టారు. భోజనానికి ముందు ఒక గుక్క తాగి, కాసూలే రెండు ముద్దలు తిన్నాక అదే గ్లాసులోంచి మళ్ళీ తాగి చూడండి. మొదట నోరు ఆర్చేసిన వైన్ అప్పుడు పండురసంలా దిగుతుంది. మదిరాన్ దొరక్కపోతే కాహోర్, అది మాల్బెక్ ద్రాక్ష.

బూర్గినియాన్, అంటే రెడ్ వైన్‌లో మూడు గంటలు ఉడికించే గొడ్డుమాంసం కూర, దగ్గర పుస్తకాలన్నీ బుర్గోన్ ప్రాంతపు పినో న్వార్ ద్రాక్ష రెడ్ అంటాయి. ఆ ధరలు చూశాక నేను ఆ మాట వినడం మానేశాను. ఉత్తర రోన్ లోయ నుంచి క్రోజ్-ఎర్మితాజ్, సిరా ద్రాక్ష, ఆ కూర పులుసుకి ఏమాత్రం తీసిపోదు. కూరలో పోసేది ఎలాగూ మామూలు రకం అయితే చాలు, మూడు గంటలు మరిగాక దాని సొగసు ఏమీ మిగలదు.

మా ఊరి గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. లియోన్ భోజనశాలల్లో వైన్‌ని అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో పోసి ఇస్తారు, అందులో ఉండేది చాలాసార్లు బోజొలేనే. ఆ ఏటి ద్రాక్షతోనే చేసి నవంబరు మూడో గురువారం అమ్మకానికి తెచ్చే కొత్త బోజొలే చూసి ఆ ప్రాంతాన్ని తక్కువగా అంచనా వేయకండి. మోర్గాన్, మూలానవాన్, జూలియెనా, ఇలా పది చోట్ల పేర్లతో వచ్చే సీసాలు వేరే సంగతి. ద్రాక్ష గమే. 1395లో బుర్గోన్ ప్రభువు ఫిలిప్ ఈ ద్రాక్షని పనికిమాలినదని తన రాజ్యంలో పీకించేయమన్నాడు. పీకించినవాళ్ళు పీకించారు, దక్షిణాన ఈ కొండల మీద అది నిలబడిపోయింది. వేడి సాసేజ్, బంగాళాదుంపలతో మోర్గాన్ తాగితే ప్రభువు తొందరపడ్డాడనే అంటారు.

ఇక వేడి, చల్లదనం. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నా లెక్కలో మాత్రం సీసా ఎంపిక కన్నా ముఖ్యం. రెడ్ వైన్ గది వేడిమిలో ఉండాలనే మాట హీటర్లు లేని రోజుల్లోది. ఇప్పుడు మన ఫ్లాట్లలో 21, 22 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి రెడ్ వైన్‌లోంచి ఆల్కహాలు ముక్కుకి కొడుతుంది. తాగబోయే ముందు ఓ ఇరవై నిమిషాలు బాల్కనీలో పెట్టండి, 16 డిగ్రీలకి వస్తే చాలు. గమే అయితే ఇంకా చల్లగా. వైట్ వైన్ ఫ్రిజ్‌లోంచి ముందే తీసి పెట్టండి, మరీ చల్లగా ఉంటే దాని రుచే తెలియదు. 10 డిగ్రీలు బాగుంటుంది.

మీరు వాళ్ళని తిరిగి భోజనానికి పిలిచే రోజు వస్తుంది, అప్పుడు మన వంట చేస్తారు. అక్కడ లెక్క మారుతుంది. మిరపకారం మీద 14, 15 శాతం ఆల్కహాలున్న షాతోనెఫ్ లాంటి చిక్కటి రెడ్లు పోస్తే మంట రెట్టింపవుతుంది, వగరు దానికి తోడవుతుంది. నాటుకోడి పులుసుకీ, మిరియాలు దట్టించిన పాయాకీ నేను కొంచెం తీపి ఉన్న వైట్ తెస్తాను. వూవ్రే డెమి-సెక్ అని సీసా మీద రాసి ఉంటుంది, షెనాన్ ద్రాక్ష, తీపికి తోడు పులుపు కూడా ఉంటుంది కాబట్టి మొహం మొత్తదు. ఆల్సాస్ ప్రాంతపు పినో గ్రీ అనే వైట్ కూడా పనికొస్తుంది. గోంగూర మాంసం దగ్గర జాగ్రత్త. తిండి పుల్లగా ఉంటే వైన్‌లోని పులుపు తెలియకుండా పోతుంది, అంతంతమాత్రం పులుపున్న రెడ్ అయితే చప్పగా, చచ్చినట్టు ఉంటుంది. గోంగూరకి చల్లబరిచిన గమే గానీ, అదే అప్రెమాన్ గానీ నిలబడతాయి. మా ఆవిడ మాత్రం గోంగూరకి మజ్జిగే జోడీ అంటుంది, ఆ వాదన ఇంకా తెగలేదు.

హైదరాబాద్ నుంచి చదివేవాళ్ళకి: మన దగ్గర 'వైన్స్' బోర్డున్న దుకాణంలో వైన్ తప్ప అన్నీ సులువుగా దొరుకుతాయి. పెద్ద కొట్టులో నాసిక్ సులా వాళ్ళ షెనాన్ బ్లాంక్ దొరికితే తీసుకోండి. కాస్త తీపి, కారానికి సరిపోతుంది. బెంగళూరు దగ్గర నంది కొండల్లోని గ్రోవర్ వాళ్ళ రెడ్స్ వేపుడు మాంసానికి పర్వాలేదు.

వెచ్చదనం విషయం. వైన్ తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఒళ్ళు వేడెక్కినట్టు ఉంటుంది. నిజానికి ఆ దారినే ఒంట్లో వేడి బయటికి పోతుంది. చలిలో నిలబడాలంటే కోటే దిక్కు. డిసెంబరు 8 ప్రాంతంలో మా దీపాల పండగకి వస్తే వీధుల్లో వేడి వైన్ అమ్ముతారు, దాల్చినచెక్క, నారింజ తొక్క, లవంగాలు, పంచదార వేసినది. దాని రుచి దానిదే. ఇంట్లో చేసుకుంటే చవక రెడ్ చాలు, మరగనివ్వకుండా ఆవిరి రాగానే దించేయండి.

కారులో వెళ్తున్నారా? ఫ్రాన్సులో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, ఇక్కడ కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళకి 0.2 మాత్రమే, అంటే ఒక్క గ్లాసు కూడా కుదరదు. ట్రామ్ మేలు. ఇంకొకటి, రాక్లెట్ పళ్ళెంలో పెట్టే మాంసాలు ఎక్కువగా పంది, కొన్ని గొడ్డు. మీరేదైనా తినకపోతే ముందురోజే ఒక మెసేజ్ పెట్టండి, ఏమీ అనుకోరు. పుట్టగొడుగులో, ఇంకో రకం చీజో అదనంగా తెచ్చి పెడతారు. నలుగురైదుగురు ఉంటే అప్రెమాన్ రెండు సీసాలు పట్టుకెళ్ళండి.