పాత ఈట్రెక్స్‌ని కారులో చవగ్గా నిలబెట్టేదెట్లా? నేను చేసుకున్నది చెప్తా

మీ ప్రశ్న చదివితే నాలుగేళ్ళ కిందట నేను పడ్డ తిప్పలే గుర్తొచ్చినాయండి. ఈట్రెక్స్ అని చేతిలో పట్టుకుని తిరిగే జీపీఎస్ (మనమున్న చోటు, దారి చూపించే చిన్న మిషన్) ఉంది, కారులో పెట్టుకుందామంటే కంపెనీ మౌంట్ (దాన్ని నిలబెట్టే స్టాండు) రేటు చూసి ప్రాణం ఉసూరుమంది, రెండు మూడొందల్లో ఏదైనా దారి ఉందా అన్నారు కదా. ఉంది. అంతకన్నా తక్కువలోనే అయిపోద్ది.

నాది గార్మిన్ కంపెనీ ఈట్రెక్స్ 20, బండి పాత వ్యాగన్ఆర్. అనంతపురం కదిరి మధ్య పల్లెల్లో పొలాల దగ్గర పాయింట్లు తీసుకునే పని, అంటే ఆ చోటు ఎక్కడుందో జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోవడం. అందుకని కారు ఆపిన ప్రతిసారీ దాన్ని ఊడబెరికి చేతిలో పట్టుకుని దిగాలి, మళ్ళీ వచ్చి తగిలించాలి, రోజుకి ఇరవై సార్లు. ఫోన్ ఉందిగా అని ఎవరో ఒకరు అంటారు, మే నెల ఎండలో డాష్‌బోర్డు మీద ఫోన్ పెట్టి చూడమనండి, కాసేపటికి వేడెక్కి స్క్రీన్ మసకబారిపోద్ది. ఈట్రెక్స్ స్క్రీన్ అట్లా కాదు, ఎండ ఎంత పడితే అంత బాగా కనపడుతుంది, లైటు కూడా అక్కర్లేదు. సిగ్నల్ టవర్లు లేని చోట కూడా పనిచేస్తది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే కలిసి గీసే ఆన్‌లైన్ మ్యాపు) నుంచి చేసిన ఫ్రీ మ్యాపులు ఎక్కించుకుంటే చాలు.

మొదట నేను చేసిన తప్పు మొబైల్ హోల్డర్ కొనడం. అద్దానికి అతికే రబ్బరు కప్పు ఉంటుంది చూడండి, అది, రెండొందల యాభై. హోల్డర్ దవడలేమో పల్చటి ఫోన్ కోసం చేసినవి, ఈట్రెక్స్ ఏమో మూడు సెంటీమీటర్ల పైన మందం, సరే ఎట్లాగో ఇరికిస్తే రెండు పక్కలా ఉండే బటన్లు నొక్కుకుపోయి మ్యాపు దానంతటదే జూమ్ అవుతూ పోతా ఉండేది, నాకు అర్థం కాక మిషనే పాడైందనుకున్నా. పైగా స్క్రీన్ 2.2 అంగుళాలే, అంత దూరం అద్దం దగ్గర పెడితే ఏం కనపడుతుంది చెప్పండి. ఒక మధ్యాహ్నం ఎండకి కప్పు ఊడి ఠప్పున కింద పడింది, పడటం పడటం బ్రేక్ పెడల్ పక్కన. ఆ రోజుతో అద్దానికి అతికించే పని మానేశా.

తర్వాత డబుల్ సైడ్ టేపు, వెల్క్రో. వారం బాగానే ఉంది, ఆ తర్వాత గమ్ కరిగి కారింది, ఆ మరక ఇప్పటికీ అట్లాగే ఉంది. గరుకు ప్లాస్టిక్ మీద టేపులు నమ్మకండి.

చివరికి కుదిరింది ఇసుక సంచి. నవ్వకండి, గార్మిన్ వాళ్ళు కూడా కారు జీపీఎస్‌లకి ఇట్లాంటి బరువు సంచి మౌంటే అమ్ముతారు, అదే ఇంట్లో కుట్టుకోవడం అంతే. పాత జీన్స్ కాలు మోకాలి కింద నుంచి కోసి, జానెడు పొడవు, రెండు వరసల కుట్టు వేయించా మా అమ్మతో. ముందు బియ్యం పోశా, ఒరేయ్ పురుగు పడుద్దిరా అని ఆమె అంటానే ఉంది, నేను వినలా. నెల తిరక్కముందే ముక్కుపురుగులు డాష్‌బోర్డు మీద షికార్లు, ఏసీ సందుల్లోంచి కూడా వచ్చేవి. ఆ తర్వాత ఇసుక జల్లించి, బాగా ఎండబెట్టి, మందపాటి ప్లాస్టిక్ కవర్లో పోసి మూతి కట్టి, దాన్ని సంచిలో పెట్టి కుట్టేశాం. నిండుగా పోయొద్దు, ముప్పావు వంతే, అప్పుడే సంచి డాష్‌బోర్డు వంపుకి తగ్గట్టు వాలి కూర్చుంటుంది. బరువు కిలోకి మించనివ్వకండి, ఎక్కడైనా గుద్దుకుంటే అది ఎగిరొచ్చి మన మీదే పడుద్ది. కింద మాత్రం షెల్ఫుల్లో పరిచే రబ్బరు జాలీ షీటు ముక్క తప్పకుండా వెయ్యాలి, అది లేకపోతే మొదటి మలుపులోనే జారిపోద్ది.

ఇక మిషన్‌ని సంచికి పట్టించడం. ఈట్రెక్స్ వెనకాల చిన్న గాడి ఉంటుంది కదా, నడుముకి తగిలించుకునే క్లిప్ జారేది, దాన్ని వాడుకోవాలి, పక్కల నుంచి అస్సలు పట్టించొద్దు. సైకిల్ హ్యాండిల్‌కి బిగించే మౌంట్ ఆ గాడిలోకే పోతుంది, నాకు ఫ్రెండ్ వాడి పడేసింది ఫ్రీగా దొరికింది. సంచి పైన గుడ్డతో రెండు కాజాలు కుట్టించి అందులో అరంగుళం పీవీసీ పైపు ముక్క దూర్చా, మధ్యలో సైకిల్ మౌంట్ పెట్టి రెండు కేబుల్ టైలతో లాగి కట్టా. పైపు తిప్పితే యాంగిల్ మారుద్ది, మిషన్ టక్కున ఎక్కుతుంది టక్కున దిగుతుంది. సైకిల్ మౌంట్ దొరక్కపోతే పంక్చర్ షాపులో పాత ట్యూబు పట్టీ అడగండి, బటన్లకి తగలకుండా కింది భాగంలో రెండు చుట్లు చుడితే పని జరుగుద్ది, కాకపోతే తీసి పెట్టడం కొంచెం లేటు.

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు దీనికి అసలు పరీక్ష అయింది, అన్ని మలుపుల్లో నా పక్కన కూర్చున్న మా బావమరిది రెండు సార్లు వాంతి చేసుకున్నాడు గానీ సంచి కదల్లేదు.

ఎక్కడ పెట్టాలంటే స్టీరింగ్‌కి ఎడం పక్కన, రోడ్డు కనపడటానికి అడ్డం రాని చోట. ఎడమ సీటు ముందు ఎయిర్‌బ్యాగ్ మూత ఉంటే దాని మీద పెట్టొద్దు, తెరుచుకుంటే ఫిరంగి గుండు లెక్క. కప్పు హోల్డర్లో పెట్టే ఐడియా కూడా చూశా, కిందికి చూస్తూ నడపాలి, పైన రేకు టాప్ వల్ల ఆకాశం సరిగ్గా అందక పాయింటు పక్క రోడ్డు మీద చూపిస్తా ఉంటది. మాగ్నెట్ హోల్డర్లు ఇదే రకంలో ఇంకో మోడలైన ఈట్రెక్స్ 30కి వద్దు, దాంట్లో దిక్సూచి ఉంటుంది, తికమక పడుద్ది.

కరెంటుకి మినీ యూఎస్‌బీ వైరు కారు ఛార్జర్‌కి పెట్టుకోవచ్చు, కానీ లోపలున్న పెన్సిల్ సెల్స్ దాంతో ఛార్జ్ కావు, మిషన్ నడుస్తుంది అంతే. వైరు బరువుకి మిషన్ పక్కకి లాక్కుంటుంది, అందుకని వైరుని కూడా సంచికి ఒక ముడి వెయ్యండి.

బండి ఎండలో ఆపితే మిషన్ తీసి జేబులో వేసుకోండి, సంచి అక్కడే వదిలెయ్యొచ్చు, ఎవడూ ఎత్తుకుపోడు. టోల్‌గేటు దగ్గర ఒకాయన మాత్రం అదేందన్నా పూజదా అని అడిగాడు.