శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ కారు ప్రయాణంలో నడుం పట్టేయకుండా ఏం చేయాలి?

శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ కారులో వెళ్తుంటే తుని దాటేసరికే నడుం పట్టేస్తోందని, బెల్టు కొనుక్కోవాలా అని అడిగారు. మాది నరసన్నపేట. పిల్లలు హైదరాబాద్‌లో ఉండటంతో ఆ దారిలో తిరుగుతూనే ఉంటాను. నేను గమనించినంతలో దూరం కన్నా కదలకుండా కూర్చోవడమే నడుముకి ఎక్కువ చేటు.

రోడ్డు బాగుపడ్డాక ఇది ఇంకా పెరిగింది. ఆనందపురం నుంచి అనకాపల్లికి ఆరు వరుసల రోడ్డు పడ్డాక విశాఖ ఊళ్లోకి వెళ్లే పనే లేదు. ఫాస్టాగ్ పుణ్యమా అని టోల్ గేటు దగ్గరా ఆగం. మడపాం గేటు దాటి ఎక్సలేటర్ తొక్కితే ఆకలేసేదాకా దిగేవాళ్లు తక్కువ.

నేను గంటన్నరకో, మహా అయితే రెండు గంటలకో ఆపేస్తాను. ఆనందపురం, అన్నవరం, ఆపైన రావులపాలెం. అన్నవరంలో కొండ కింద ప్రసాదం కోసం ఎలాగూ ఆపుతాం కదా. ఒకరిని పంపించి మిగతావాళ్లు కార్లో కూర్చుంటామంటే మా దగ్గర కుదరదు, అందరూ దిగాల్సిందే. కాసేపు నడిచి, రెండు చేతులూ నడుం మీద ఆనించి, మెల్లగా నాలుగైదుసార్లు వెనక్కి వంగండి. అప్పటిదాకా ముందుకి ఒంగి ఉన్న నడుముకి అదే పెద్ద ఉపశమనం. ఆపాల్సి వస్తుందని కొందరు నీళ్లు తాగరు. నేను తాగేదే అందుకు. ఆడవాళ్లకి దారిలో శుభ్రమైన బాత్రూం దొరకడం మాత్రం వేరే కష్టం. పెద్ద పెట్రోల్ బంకులు చూసి ఆపుకోవడమే.

ఇక సీటు. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. వీపు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీదకి రావాలి. సీటుని పడక్కుర్చీలా వాల్చేస్తే నడుం కింద ఖాళీ వస్తుంది, మెడ ముందుకి సాగుతుంది. వెనక జేబులో పర్సు ఉంటే తీసి డాష్‌బోర్డులో పడేయండి. ఒక పక్క ఎత్తుగా కూర్చుంటే కటి ఒరిగి, నొప్పి మొదలవ్వొచ్చు.

వేలు పోసి కుషన్లు కొనక్కర్లేదు. చిన్న తువ్వాలు గుండ్రంగా చుట్టి, రెండు చివర్లా రబ్బరు బ్యాండు వేసి, సరిగ్గా ప్యాంటు బెల్టు ఉండేచోట వెనక పెట్టుకోండి. చాలామంది వీపు మధ్యలో పెట్టుకుని పనిచేయలేదంటారు. కూర్చున్నప్పుడు నడుం దగ్గరి సహజమైన వంపు చదునైపోయి వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీద ఒత్తిడి పెరుగుతుంది, ఆ వంపుని నిలబెట్టడానికే ఈ తువ్వాలు. మరీ లావుగా చుట్టకండి, పొడుస్తున్నట్టుంటే ఒక మడత విప్పండి.

అసలు ప్రమాదం దిగాక ఉంటుంది. మా బావ టెక్కలి నుంచి కూతురింటికి వెళ్లి, కారు ఆగీ ఆగగానే డిక్కీలోకి ఒంగి పాతిక కేజీల బియ్యం బస్తా ఒక్క ఊపున లాగాడు. కలుక్కుమంది. మనవరాలితో ఆడుకుందామని వెళ్లినవాడు మంచానికే అతుక్కుపోయాడు. గంటల తరబడి కూర్చుంటే నడుం దగ్గరి లిగమెంట్లు, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు, సాగి ఉంటాయి, అవి మళ్లీ బిగుసుకోవడానికి కాస్త టైం పడుతుంది. పైకెళ్లి టీ తాగి, అటూ ఇటూ తిరిగాక సామాన్లు దింపుకోండి. బస్తాని ముందు డిక్కీ అంచు దాకా జరుపుకుని, ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తాలి. ఇద్దరు పడితే ఇంకా మంచిది.

ఇదంతా మామూలుగా పట్టేసే నడుముకే. నొప్పి మోకాలు దాటి కిందకి పాకుతున్నా, తిమ్మిర్లు వస్తున్నా డాక్టర్‌కి చూపించుకోండి. కాలు బలహీనపడినా, మూత్రం మీద పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తగ్గినా ప్రయాణం ఆపి దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లిపోవాలి.

బెల్టు సంగతి అంటారా, డాక్టర్ రాసిస్తే తప్ప నేనైతే కొనను. ఆ డబ్బుతో దారిలో రెండు టీలు ఎక్కువ తాగొచ్చు, ఆ వంకతో రెండుసార్లు ఎక్కువ దిగొచ్చు.